ఎడమ భుజం

మా పుంగనూరులో ఆడవాళ్లు టైలరుకు ఒళ్లు అప్పగించరు, ఆది జాకెట్టు అప్పగిస్తారు. ఒకప్పుడెప్పుడో ఒంటికి సరిగ్గా కుదిరిన పాత జాకెట్టును కొత్త గుడ్డతో పాటు సంచిలో పెట్టుకొచ్చి, "దీని కొలతకే కుట్టు మా" అని నా బల్ల మీద పడేసి పోతారు. ఆ పాతది ఎప్పటిదని అడగకూడదు. కొందరిది పెళ్లి నాటిది. బిడ్డలు పుట్టినా, ఆపరేషన్లు అయినా, ఒళ్లు వచ్చినా తగ్గినా ఆది మాత్రం మారదు. "నిలబడు, టేపు పెట్టి చూస్తా" అన్నానంటే చాలు, చేతులు రెండూ గుండెల మీదికి వచ్చేస్తాయి. "వద్దులే మా, నీకు తెల్దా ఏమి! రవంత లూజుగా కుట్టు, సాలు" అంటారు. నాకెట్లా తెలుస్తుంది తల్లీ, నేనేమన్నా సోది చెప్పేదాన్నా! అయినా ఆ పాత జాకెట్టు చూసి, మనిషిని ఓరకంట చూసి, ఏదో ఒక అందాజు మీద కుట్టేదాన్ని. కుదరకపోతే వాళ్లు గుడ్డను తిట్టేవాళ్లు. నేనూ గుడ్డనే తిట్టేదాన్ని.

వాళ్లను అని ఏం లాభం, నేనేం తక్కువ తిన్నానా? నా జాకెట్లకు ఆది నా పెళ్లి జాకెట్టే. ఏది కుట్టుకున్నా ఎడమ భుజం మీద నుంచి జారేది. నా కూతురు చిన్నప్పటి నుంచీ అంతే, పక్కన నిలబడి ఏదో మాట్లాడుతూనే చేయి చాచి నా ఎడమ భుజం మీది జాకెట్టును పైకి లాగుతుంది. అది తనకొక అలవాటు. "ఇప్పుడొచ్చే గుడ్డలన్నీ ఇంతే" అని నేను గొణగడం నాకొక అలవాటు. దానికి నడక రాకముందే వాళ్ల నాయన పోయాడు. ఈ కుట్టు మిషను మీదే దాన్ని చదివించాను. ఇప్పుడు కుప్పంలో బ్యాంకులో పని చేస్తుంది. మొగుడు మంచివాడు. ఈ లోకంలో నాకున్నది అదొక్కటే.

ఒకరోజు మదనపల్లె నుంచి ఒక అమ్మాయి వచ్చింది. వాళ్లమ్మది మా ఊరే, మొదటి నుంచీ నా దగ్గరే కుట్టించుకుంటుంది. వాళ్ల నాయన టమాటా యార్డులో మండీ నడుపుతాడు. ఈ పిల్ల బెంగుళూరులో బొమ్మలు గీయడం చదువుకుని వచ్చి, మదనపల్లెలో ఒక స్కూల్లో డ్రాయింగు నేర్పుతోంది. గుడ్డ బల్ల మీద పెట్టింది. సంచిలో ఇంకేమీ లేదు.

"ఆది యాడ పాపా?"

"తేలేదత్తా. నువ్వే కొలువు."

చేతులు రెండూ పక్కలకు చాచి హాయిగా నిలబడింది. నాకు ముచ్చటేసింది. టేపు చుట్టి కొలుస్తుంటే నా మొహం వంకే చూస్తోంది.

"అత్తా, నీ బొమ్మ గీయాల నేను."

"గీయి, ఎవురొద్దన్నారు! మొహమే కదా?"

"మొత్తం. బట్టల్లేకుండా."

టేపు చేతిలోంచి జారి కింద పడింది. "నీ మొహం మండ! మీయమ్మకు చెప్తా ఉండు!" అన్నాను. నాకు కోపం ఎక్కువని ఊరంతా అంటారు. ఆ పిల్ల మాత్రం బెదరలేదు. వంగి టేపు తీసి నా చేతికిచ్చింది. "కాలేజీలో ఆడోళ్ల బొమ్మలు సానా గీసినాం అత్తా. ఒళ్లంతా గీయిస్తారు. మొహం కాడికొచ్చేసరికి, తల అవతలికి తిప్పుకోమంటారు, లేకుంటే జుట్టు ముందరికి ఏసుకోమంటారు. కూర్చున్నామె ఎవురో, ఆమెకు ఎట్లా కూర్చోవాలని ఉండాదో ఎవురూ అడగరు. నాకు ఒక మనిషి ఒళ్లూ మొహమూ కలిపి గీయాలని ఉండాది. నువ్వయితే నన్ను సూస్తానే కూర్చుంటావని అనిపించింది" అంది. నేను ఒప్పుకోలేదు. భుజం కొలత రాసుకున్నాను.

ఒప్పుకోలేదు కానీ ఆ మాట నన్ను వదల్లేదు. స్నానానికి పోయినప్పుడు మొదటిసారి ఒక సంగతి గమనించాను. పెద్దమనిషి అయినప్పటి నుంచి ఈనాటి దాకా లంగాను రొమ్ముల పైకి కట్టుకునే నీళ్లు పోసుకుంటున్నాను. తలుపు గడియ పెట్టి ఉంటుంది, లోపల నేను తప్ప పురుగు కూడా ఉండదు. ఎవరి నుంచి దాచుకుంటున్నట్టు? నా అంగట్లో నిలువుటద్దం ఉంది. అందరి వీపులూ అందులో చూశాను, నన్ను నేను చూసుకోలేదు. నా ఒళ్లు నాకు ముక్కలు ముక్కలుగానే తెలుసు. నొప్పి పుట్టినప్పుడు మోకాలు, గాజులు వేసుకునేటప్పుడు చేయి, అంతే. నాకు నా మీద జాలేసింది, ఆ వెంటనే కోపం వచ్చింది. ఆ పిల్లకు ఫోను చేసి, "ఆదివారం రా. షరతులుండాయి" అని పెట్టేశాను.

షరతులు గట్టివే. గడియ నా చేత్తో నేనే పెడతాను. కళ్లజోడు తీయను, మెడలో టేపు తీయను. "కేలెండర్లో ఆడోళ్ల మాదిరి పొణుకోమంటే నావల్ల కాదు పాపా. పట్టపగలు పొణుకోవడం నాకు అలవాటు లేదు. మిషను ముందర కూర్చుంటా. నేను సాలంటే సాలు. బొమ్మ నాకు నచ్చకుంటే నా ముందరే చించేయాల." అన్నిటికీ తలూపింది. నేల మీద కాగితం పరిచి, బొగ్గు పుల్లలు బయటికి తీసి, మర్యాదగా గోడ వైపు తిరిగి నిలబడింది.

చీర విప్పాను, జాకెట్టు విప్పాను. లంగా బొందు దగ్గర చేతులు ఆగిపోయాయి. ఎన్ని లంగాలకు బొందులు ఎక్కించి ఉంటాను, ఆ ముడి మాత్రం రాదే! ఎట్లాగో వచ్చింది. ఆ పిల్ల ఇంకా గోడనే చూస్తోంది. "ఇప్పుడు సూడకుంటే గీసేటప్పుడేం చేస్తావు? ఇటు తిరుగు!" అని కసిరాను. తిరిగింది. కంగారులో తను పరిచిన కాగితం మీదే కాలు వేసింది. అది చూశాక నాకు ధైర్యం వచ్చింది.

మిషను ముందు కూర్చున్నాను. అరికాళ్ల కింద పెడలు చల్లగా తగిలింది. పొట్ట లోపలికి లాగి, ఊపిరి బిగబట్టి, ఫోటో స్టూడియోలో కూర్చున్నట్టు కూర్చున్నాను. "ఊపిరి వదులత్తా" అంది మెల్లగా. వదిలాను. పొట్ట దాని చోటికి అది వచ్చేసింది. రోజంతా బిగుతు జాకెట్టులో తిరిగి ఇంటికొచ్చి హుక్కులు విప్పినట్టు అనిపించింది. చేతులు ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపటికి మిషను చక్రం మీద వేసి, ఊరికే పెడలు తొక్కడం మొదలుపెట్టాను. దారం లేదు, గుడ్డ లేదు, చక్రం మాత్రం తిరుగుతోంది. ఆ చప్పుడు వింటుంటే నా ఇంట్లో నేనున్నాను అనిపించింది. బయట ఎవరింట్లోనో కుక్కరు కూత, ఆటో వాడి హారను. లోపల ఒక ఆడపిల్ల నన్ను చూస్తోంది, నేను దాన్ని చూస్తున్నాను. నా ఒంటిని చీకట్లో మా ఆయన చూశాడు, వెలుతురులో డాక్టరమ్మ చూసింది. ఇద్దరికీ తొందరే. ఇంత నిదానంగా నన్నెవరూ చూడలేదు, ఏమీ అడక్కుండా.

అయిపోయాక చీర చుట్టుకుని వచ్చి బొమ్మ ముందు నిలబడ్డాను. టైలరు బుద్ధి ఎక్కడికి పోతుంది? ముందు తప్పులు వెతికాను. దొరికింది.

"ఎడమ భుజం దించేసినావు సూడు."

"దిగే ఉండాది అత్తా."

"నాకు చెప్తావా? ఈ ఊళ్లో భుజాలన్నీ నా టేపు కిందనే పోయినాయి!"

"నీ భుజం పోలేదు కదా" అంది నవ్వుతూ.

నన్ను నిలువుటద్దం ముందు నిలబెట్టి, నా మెడలో టేపే తీసుకుని, భుజం నుంచి నేల దాకా రెండు పక్కలా కొలిచింది. ఎడమది దిగింది. మళ్లీ కొలవమన్నాను. మళ్లీ దిగింది. స్టూలు మీద కూలబడ్డాను. ఇన్నేళ్లూ రెండు భుజాలూ సమానంగా ఉండే పెళ్లినాటి పిల్లకు జాకెట్లు కుట్టి, అవి తెచ్చి నేను తొడుక్కున్నాను. పాపం ఆ గుడ్డలనెన్ని తిట్లు తిట్టాను! నవ్వు వచ్చింది. నవ్వి నవ్వి కళ్లలో నీళ్లొచ్చాయి, ఆ తర్వాత అది నవ్వో ఏడుపో నాకే తెలియలేదు. ఆ పిల్ల నా పక్కన కూర్చుని చేయి పట్టుకుంది.

అప్పుడు మళ్లీ చూశాను, ఈసారి తప్పుల కోసం కాదు. కాగితంలో ఒక ఆడమనిషి. పొట్ట మీద మడతలు, జారిన రొమ్ములు, వాటి మధ్య వేలాడే టేపు. కళ్లజోడు మీదుగా సూటిగా చూస్తోంది, "ఏం కావాల మా నీకు?" అని అడుగుతున్నట్టు. ఆమె నాకు నచ్చింది. దగ్గరకు తీసుకోవాలనిపించింది.

కుప్పంలో ఒక హాలు మాట్లాడుకుని, ఆ పిల్లా, దాని స్నేహితురాళ్లూ తాము గీసిన బొమ్మలన్నీ పెడుతున్నారని తెలిసింది. "నీది పెట్టనా అత్తా?" అని అడిగింది. పెట్టు అన్నాను. కుప్పమనగానే నాకు ముందు కూతురు గుర్తొచ్చింది, దానికి నేనే చెప్పాలి కదా. ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. 

"మా, నీకేమన్నా పిచ్చి పట్టిందా?"

"యాల, ఏం జరిగిందని?"

"యాలనా! ఈ ఊళ్లో సగం మంది నా కౌంటరు ముందరికే వస్తారు. ఆడ నీ బొమ్మ సూసి, ఈడికొచ్చి నా మొహం సూస్తారు. మన ఇద్దరిదీ ఒకటే మొహమని అందరూ అంటారు కదా! నేను తలెత్తుకోని ఎట్లా కూర్చోవాల?"

దానికి నా ముక్కే, నా గడ్డమే. కాదనలేను.

"మొహం చెరిపేయమను మా. లేకుంటే అవతలికి తిప్పమను. ఒళ్లు ఎవురిదని ఎవురికి తెలుస్తుంది?"

"తల లేకుంటే అది నేనెట్లా అవుతానే? హ్యాంగరుకు తగిలించిన జాకెట్టు అవుతుంది."

"అయితే అదే పెట్టుకో. మాయింటికి మాత్రం రావద్దు."

ఫోను పెట్టేసింది. ఏడుస్తోందని గొంతును బట్టి తెలిసింది. నేను ఆ రోజు ఒక్క కుట్టు కూడా వేయలేకపోయాను. మొగుడు పోయినప్పుడు కూడా మిషను ఆపని దాన్ని. కూతురి ఇంటి గడప తొక్కకుండా బతకడమెట్లాగో నాకు తెలియదు. మొహం చెరిపేసుకుని బతకడం మాత్రం తెలుసు, ఇన్నేళ్లూ చేసింది అదే కదా. సంగతి విని ఆ డ్రాయింగు పిల్ల, "వద్దులే అత్తా, తీసేస్తా, నీ బిడ్డ కంటే ఎక్కువా" అంది. దాని మీద కూడా అరిచాను. "గీసింది నువ్వు, కూర్చుండింది నేను. తీసేయడానికి నువ్వెవురు? పెట్టేదే. మొహంతోనే పెట్టేది." కూతురికి మాత్రం ఒక మెసేజి పంపాను, "హాలు తెరిచే ముందు రోజు సాయంత్రం రా. సూడు. సూసినాక తిట్టు" అని. జవాబు రాలేదు.

ఆ పిల్ల హాలు సర్దడానికి ముందే కుప్పం పోయింది. ఫ్రేముకిచ్చిన బొమ్మను మదనపల్లెలో తీసుకుని బస్సులో తెచ్చే పని నా మీద పడింది. ఆ ఫ్రేముల అంగట్లో ఒక గోడ నిండా దేవుళ్లు, ఇంకో గోడ నిండా పోయినవాళ్లు. అంగడాయన నా వయసువాడే ఉంటాడు. "పాప ఇచ్చిన పటమా, రెడీగా ఉండాది మా" అని లోపల్నుంచి తెచ్చి, గుడ్డతో తుడిచి బల్ల మీద పెట్టాడు.

చూసి బిత్తరపోయాను. బొమ్మ మీద దళసరి అట్ట ఒకటి కప్పి ఉంది. ఆ అట్టలో కోడిగుడ్డు ఆకారంలో ఒక కిటికీ కోసి ఉంది. ఆ కిటికీలోంచి నా మొహం, మెడ, అంతే. కింద చిన్న ఎర్ర లైటు. చుట్టూ గంధపు పొట్టు దండ.

"ఏందప్పా ఇది?"

"ఎప్పుడు పోయినారు మా పెద్దామె?" అని మెత్తగా అడుగుతూ తలెత్తాడు. నా మొహం చూశాడు. పటం చూశాడు. మళ్లీ నన్ను చూశాడు. నోరు తెరుచుకుంది. "మీరు... చెల్లెలా మా?"

"చెల్లెల్ని కాదు, అక్కనూ కాదు. నేనే. ఇంకా పోలేదు!"

పాపం మనిషి స్టూలు వెతుక్కుని కూర్చున్నాడు. కోపం రావాల్సింది, నాకు పకపకా నవ్వొచ్చింది. తేరుకున్నాక చెప్పాడు. "పెద్దోళ్ల బొమ్మ ఫ్రేముకొచ్చిందంటే పోయినోళ్లదే మా, ఈ అంగట్లో. బొమ్మ సూసినా. పోయినామెను ఈ మాదిరి గోడకు తగిలిస్తే ఆమె ప్రాణం ఎంత అల్లాడుతుందో అనిపించింది. మాయమ్మనుకోని కప్పినా." ఆ మాటకు నా నవ్వు ఆగిపోయింది. ఇతను మొహం ఉంచి ఒళ్లు కప్పాడు. నా కూతురు ఒళ్లు ఉంచుకుని మొహం చెరిపేయమంది. ఇద్దరిదీ ప్రేమే, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఒళ్లూ మొహమూ కలిపి నేను మాత్రం ఎవరికీ పనికి రాలేదు.

"అట్ట తీసెయ్ అప్పా" అన్నాను.

"మీకు సమ్మతమేనా మా?"

అడిగాడు! ఆ ఒక్క మాటకు అతని మీద గౌరవం పుట్టింది. "నా సమ్మతం మీదే కూర్చున్నానప్పా. ఎవురూ బలవంతం చేయలేదు" అన్నాను. ఫ్రేము విప్పి, బొగ్గు చెరగకుండా పసిబిడ్డను ఎత్తినంత జాగ్రత్తగా కాగితాన్ని ఎత్తి, అంచు మాత్రం ఉండేట్టు కొత్త అట్ట కోశాడు. వంచిన తల ఎత్తలేదు. అంతా అయ్యాక ఏదో ఒకటి మెచ్చుకోవాలని కాబోలు, "మిషను బాగా వచ్చింది మా, చక్రం అచ్చం చక్రమే" అన్నాడు. దండా లైటూ చేతికివ్వబోతే, "అవి నీ దగ్గరే పెట్టు, టైం వచ్చినప్పుడు పంపిస్తా మనిషిని" అన్నాను. ఇద్దరమూ నవ్వుకున్నాం.

పటాన్ని పాత చీరలో చుట్టి బస్సెక్కాను. పలమనేరులో బస్సు మారేటప్పుడు కండక్టరు, "దేవుడి పటమా మా? పైన పెట్టొద్దు, ఒళ్లో పెట్టుకో" అన్నాడు. "మనిషి పటమప్పా" అని ఒళ్లోనే పెట్టుకున్నాను. దారి పొడుగునా ఫోను చూస్తూనే ఉన్నాను. కూతురి నుంచి ఏమీ లేదు.

హాల్లో నా బొమ్మను ఆ పిల్లే గోడకు తగిలించింది. సాయంత్రం పొద్దుగుంకుతుండగా నా కూతురు వచ్చింది, బ్యాంకు నుంచి నేరుగా, టిఫిను సంచి భుజాన వేసుకుని. నన్ను పలకరించలేదు. మూతి బిగించుకుని బొమ్మ ముందుకు పోయి నిలబడింది. డ్రాయింగు పిల్ల మెల్లగా బయటికి జారుకుంది. నేను ఒక కుర్చీ పట్టుకుని నిలబడ్డాను. ఏ మాటంటుందో, ఏ మాట అన్నా పడాలని నన్ను నేను సముదాయించుకుంటున్నాను.

చాలాసేపు చూసింది. తర్వాత చేయి ఎత్తి, బొమ్మను తాకకుండా, ఎడమ భుజం దగ్గర గాలిలో ఆపింది.

"ఈ పక్కనే కదమ్మా నన్ను కట్టుకోని తొక్కతాండింది?"

నాకు వెంటనే అర్థం కాలేదు.

"చీరతో భుజానికి కట్టుకోని. మిషను తొక్కతాంటే నేను నీ భుజం మీదనే నిద్రపోతాంటి. ఆ చప్పుడు లేకుంటే ఇప్పటికీ నాకు నిద్ర సరిగ్గా పట్టదు. నీకు చెప్పలే నేను."

నేను మరిచిపోయాను. నిజంగా మరిచిపోయాను. చంటిబిడ్డను కింద పడుకోబెడితే ఏడ్చేది. ఇంకెవరూ ఎత్తుకునేవాళ్లు లేరు. ఎడమ భుజం మీద వేసుకుని, పాత చీర మెడ చుట్టూ తిప్పి కట్టుకుని, కుడి చేత్తో గుడ్డ తోసేదాన్ని. దానికి నాలుగైదేళ్లు వచ్చేదాకా అంతే. బడి నుంచి వచ్చినా అక్కడికే ఎక్కేది. భుజం దిగింది ఎందుకని నన్ను నేను ఎప్పుడూ అడగలేదు, వయసని ఊరుకున్నాను.

"నావల్లనే కదా మా దిగింది" అంది. నేను దాన్ని పట్టుకున్నాను. పెద్దదైపోయింది, నా కంటే పొడుగు. అయినా తల తెచ్చి ఎడమ భుజం మీదనే పెట్టింది. జాకెట్టు జారింది. ఏడుస్తూనే దాన్ని పైకి లాగింది.

కాసేపటికి కళ్లు తుడుచుకుని, "నాకింకా సిగ్గుగానే ఉండాది. అబద్ధమెందుకు" అంది. "ఉండనీలే, నాకూ మొదట ఉండె" అన్నాను. నా సంచిలో చేయి పెట్టి టేపు తీసింది. ఆ సంచిలో టేపు లేకుండా ఎప్పుడూ ఉండదని దానికి తెలుసు. "నిలబడు మా, కొలుస్తా. ఆ పెళ్లి జాకెట్టు ఇంక పారేయి." నా చేతులు రెండూ వాటంతట అవే గుండెల మీదికి వచ్చాయి. అది చూసి ఇద్దరికీ నవ్వొచ్చింది. చేతులు దించి నిలబడ్డాను. కుడి భుజం వేరుగా, ఎడమ భుజం వేరుగా కొలిచి, ఫోనులో రాసుకుంది. ఆ రాత్రి వాళ్లింట్లోనే పడుకున్నాను.

మరునాడు జనం వచ్చారు. నేను గోడ పక్కన కుర్చీలో కూర్చున్నాను. కొందరు నా బొమ్మ ముందు ఆగారు, కొందరు చూడనట్టు గబగబా దాటిపోయారు. నా కూతురు బ్యాంకుకు పోతానని చెప్పింది కానీ మధ్యాహ్నం లంచి టైముకు వచ్చింది, కూడా పని చేసే ఒకామెను వెంట పెట్టుకుని. ఆమె బొమ్మ ముందు నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నా కూతురి చెవిలో అడిగింది. మెల్లగానే అడిగినా నాకు వినబడింది.

"ఎవురు మేడం ఈమె? మీ పోలికలే ఉండాయి."

నేను చూపు తిప్పుకున్నాను. ఏం చెప్పినా సరేననుకున్నాను, చెప్పకపోయినా సరే.

"మాయమ్మ" అంది నా కూతురు, హాలంతా వినబడేంత గట్టిగా. "అదో, ఆడ కూర్చోనుండాది. రా, సూపిస్తా."

చేయి పట్టుకుని ఆమెను నా దగ్గరికి తీసుకొస్తోంది. నేను లేచి నిలబడ్డాను.